వెంకటనర్సు నమూనా

ఆ గురువారానికి గుర్వమ్మ వేసుకున్న పథకంలో నాలుగు పనులున్నాయి. మొదటి బస్సుకు నల్లగొండ పోవాలి. కోడలిని లేడీ డాక్టరుకు చూపించాలి. లోపం కోడలిదేనని డాక్టరు నోటితో అనిపించాలి. పొద్దు గూకేలోపు కేతేపల్లికి తిరిగి రావాలి. వీటిలో మొదటిదీ రెండోదీ చివరిదీ అనుకున్నట్టే జరిగాయి.

కోడలి పేరు యాదలక్ష్మి. పెళ్లయి ఏడేళ్లయింది. పిల్లలు లేరు. గుర్వమ్మ కొడుకు వెంకటనర్సు కేతేపల్లి పద్మశాలీల వాడలో చీరలు నేస్తాడు. అతను నేసిన చీరను నేతగాళ్ల సంఘం ప్రెసిడెంటు కాటమయ్య విప్పి చూడకుండానే తీసుకుంటాడు. ఈ ఏడేళ్లలో ఆ ఇంట్లో మొక్కులు అయ్యాయి, తాయెత్తులు అయ్యాయి, ఆకు పసర్లు అయ్యాయి. 1954 సంక్రాంతి పోయాక గుర్వమ్మ మర్రిగూడలో ఒక పిల్లను చూసి వచ్చింది.

పిల్ల తండ్రి రామచంద్రయ్య రెండో సంబంధానికి కాదనలేదు. ఒక్క షరతు పెట్టాడు. లోపం మొదటి భార్యదేనని డాక్టరు చెప్పాలి. లోపం మగవాడిదైతే తన బిడ్డ కూడా రేపు ఇదే అరుగు మీద కూర్చుని ఇవే పసర్లు తాగాలి కదా అన్నాడు. పైవారం ఆదివారం వచ్చి డాక్టరు మాట ఏమిటో విని పోతానన్నాడు. యాదలక్ష్మికి తల్లీ తండ్రీ లేరు. పెంచిన మేనత్త నిరుడు పోయింది. డాక్టరు మాట తనకు ఎదురు వస్తే పోవడానికి ఇల్లు లేదు. ఈ ఇంట్లోనే ఉండి ఇంకో ఆడదాని పిల్లలకు ఉయ్యాల ఊపాలి.

నల్లగొండ బజారు వెనుక ఉన్న ఆ దవాఖానకు డాక్టర్ జాహేదా ప్రతి గురువారం హైదరాబాదు నుంచి వచ్చేది. ఆమె మాట ఉర్దూ. వచ్చినవాళ్ల మాట తెలుగు. మధ్యలో కాంపౌండర్ లియాఖత్ అలీ ఉండేవాడు. జ్వరాలు, విరేచనాలు, పురుళ్లు అన్నీ ఆయన నోటి మీదుగానే అటూ ఇటూ పోయేవి.

డాక్టరు యాదలక్ష్మిని తెర వెనక్కి తీసుకుపోయి చూసింది. నెలలు ఎట్లా వస్తాయో అడిగింది. బయటికి వచ్చి చేతులు కడుక్కుని, ఈ పిల్లలో తనకు ఏ తప్పూ కనబడలేదని ఉర్దూలో చెప్పింది. మగవాడిని చూడకుండా ఆడదానికి ఇంకో పరీక్ష చేయడం తన అలవాటు కాదని చెప్పింది. భర్త ఇక్కడికి రావాలి, ఇక్కడే నమూనా ఇవ్వాలి, దాన్ని తాను సూక్ష్మదర్శినిలో చూడాలి అని చెప్పి, తెలుగులో చెప్పమని లియాఖత్ అలీని చూసింది.

లియాఖత్ అలీకి ఆ మాటకు తెలుగులో ఉన్న పదాలు తెలుసు. వాటిని బజారులో విన్నాడు. ఆడవాళ్ల ముందు ఎన్నడూ అనలేదు. ఎదురుగా గుర్వమ్మ ఉంది. ఆమెకు ఆయన తల్లి వయసు ఉంటుంది. ఆయన గొంతు సవరించుకున్నాడు.

"నీ కొడుకు నమూనా కావాలె పెద్దమ్మా. వచ్చే గురువారం ఆయననే రమ్మను."

"నమూనానా?"

"నమూనానే. తాజాది. ఆయన సొంతంది. ఇంకొకల్లది అయితే కేస్ ఖరాబైతది. ఇచ్చే ముందు నాలుగు దినాలు పని బంద్ పెట్టాలె."

"ఏం పని?"

లియాఖత్ అలీ పైకప్పు వైపు చూశాడు. "మొగోళ్లు చేసే పని."

నమూనా అంటే ఏమిటో సాలెవాడలో ఎవరికీ చెప్పనక్కర లేదు. కొత్త అంచు గానీ కొత్త రంగు గానీ వేసినప్పుడు జానెడు బట్ట కోసి షావుకారుకో సంఘానికో చూపిస్తారు. అది నచ్చితే చీరలకు ఆర్డరు వస్తుంది. అదీ నమూనా. మగవాళ్లు చేసే పని ఏమిటో కూడా చెప్పనక్కర లేదు. ఆడవాళ్లు రాట్నం మీద నూలును కండెలకు చుడతారు, మగవాళ్లు మగ్గంలో కూర్చుంటారు.

గుర్వమ్మ తనకు కావలసిన ప్రశ్న అడిగింది. నమూనా మంచిగా వస్తే ఏమిటి, రాకపోతే ఏమిటి అన్నది. లియాఖత్ అలీకి ఈ ప్రశ్న సులువుగా తోచింది. మంచిగా ఉంటే ఆయన గురించి ఫికర్ లేదని, అప్పుడు ఈ పిల్లనే మళ్లీ చూడాలని చెప్పాడు. మంచిగా లేకపోతే లోపం ఆయనలో ఉన్నట్టని చెప్పాడు. ఈ రెండు ముక్కల్లో పొల్లు మాట లేదు. ఆ రోజు ఆయన చేసిన తర్జుమాలో సరిగా వచ్చినవి ఈ రెండే.

తిరుగు బస్సులో గుర్వమ్మ మొహంలో దిగులు లేదు. మగవాడి సత్తువ చేతిలో ఉంటుంది, చేతి సత్తువ బట్టలో ఉంటుంది, హైదరాబాదు డాక్టర్లు బట్ట చూసి మనిషిని చెబుతారు అని తేల్చుకుంది. నకిరేకల్ దగ్గర యాదలక్ష్మి నోరు తెరిచింది.

"బట్ట జూసి పిల్లల సంగతి ఎట్ల చెప్తరు అత్తమ్మా?"

"నాడి జూసి కడుపుల సంగతి చెప్తలేరా? అయినా గామె డాక్టరా, నువ్వు డాక్టరువా?"



ఇంటికి వచ్చాక వెంకటనర్సుకు ఒక చిక్కు కనిపించింది. నమూనా తాజాగా ఉండాలి. నాలుగు రోజులు పని బంద్ పెట్టాలి. పని బంద్ పెడితే తాజా బట్ట ఎక్కడ నుంచి వస్తుంది? అన్నం ముందు పెట్టుకుని తల్లీ కొడుకులు చాలాసేపు వాదించుకున్నారు. చివరకు శనివారానికి నమూనా నేసి, కోయకుండా మగ్గం మీదే ఉంచాలని నిర్ణయించారు. ఆదివారం నుంచి నాలుగు రోజులు, నూలును అటూ ఇటూ పరుగెత్తించే నాడె ముట్టడు. గురువారం పొద్దున కోస్తాడు. అప్పుడు తాజాదే అవుతుంది.

యాదలక్ష్మికి వేరే చిక్కు ఉంది. పెనిమిటి నేత వాడలో అందరికంటే మంచిదన్న సంగతి ఆమెకు తెలుసు. నమూనా మంచిగా ఉంటే లోపం తనదని కాంపౌండరు చెప్పాడు. ఏడేళ్లుగా ఆ నేత చూసి ఆమె సంతోషపడింది. ఇప్పుడు అదే నేత తనను ఇంట్లోంచి తోసేలా ఉంది.

శుక్రవారం గుర్వమ్మ సంఘానికి పోయాక యాదలక్ష్మి రాట్నం ముందు కూర్చుంది. మూలన ఒక గంప ఉంది. అందులో ముడులు పడ్డ నూలు, పిగిలిన నూలు, పనికిరాదని తీసి పెట్టిన నూలు ఉంది. అందులోంచి తీసి కండె చుట్టింది. అటువంటి పని ఆమె ఎన్నడూ చేయలేదు. చుట్టిన కండెలు తెచ్చి మగ్గం పక్కన పెట్టి, అక్కడే నిలబడింది.

వెంకటనర్సు నాడెలో కండె వేసి నాలుగు పోట్లు నేశాడు. అడ్డంగా పోయే పేక తెగింది. నాడె తీసి కండె చూశాడు. భార్యను చూశాడు. మళ్లీ నాడె వేశాడు.

"పేక తెగింది," అంది యాదలక్ష్మి.

"తెగనీ."

"ముడెయ్యవా?"

"నమూనా మంచిగుంటే ఏమైతదో రాత్రి నువ్వే చెప్పితివి గద."

అతను ఇంకా కొంచెం నేసి, నిలువు పడుగులో రెండు పోగులు వేలితో తెంపి వదిలేశాడు.

"గిది జూస్తే కాటమయ్య ఏమంటడు?" అంది.

"పేరు పోతది. పోతే ఇంకో చీర నేసి మల్ల తెచ్చుకుంట. నిన్ను యాడికెల్లి తెచ్చుకోవాలె?"

శనివారం సాయంత్రానికి జానెడు బట్ట అయింది. మూడు చోట్ల పేక లేదు. అంచు ఒక పక్కకు గుంజుకుపోయింది. వెంకటనర్సు దాని మీద గుడ్డ కప్పి, మగ్గం గుంటలోంచి లేచాడు.

ఆదివారం పొద్దున ఆ ఇంట్లో నాడె చప్పుడు లేదు. సాలెవాడలో మగ్గం ఆగితే చావు గానీ జబ్బు గానీ అయి ఉండాలి. ఇరుగుపొరుగు వచ్చి తొంగి చూశారు. వెంకటనర్సు అరుగు మీద కూర్చుని గోడ చూస్తున్నాడు. పరామర్శకు వచ్చినవాళ్లకు గుర్వమ్మ ఏదో ఒకటి చెప్పాలి. కోడలి సంగతి, మర్రిగూడ సంగతి చెప్పడం ఆమెకు ఇష్టం లేదు. అవి తీసేసి మిగిలింది చెప్పింది. నల్లగొండ దవాఖానవాళ్లు తన కొడుకు నమూనా అడిగారని, నాలుగు రోజులు పని బంద్ పెట్టి తాజాది తెమ్మన్నారని చెప్పింది. ఇందులో అబద్ధం లేదు.

ఈ మాట మధ్యాహ్నానికి కాటమయ్య చెవిన పడింది. సంఘం గదిలో అమ్ముడుపోని చీరలు, పంచెలు పైకప్పు దాకా ఉన్నాయి. ఎలుకలు రాకుండా రాత్రిళ్లు ఒకరు కాపలా పడుకుంటున్నారు. దవాఖాన అంటే పక్కగుడ్డలు, తలుపు తెరలు, కట్టు గుడ్డలు. కాటమయ్య పెద్ద పెద్ద అంగలు వేస్తూ గుర్వమ్మ ఇంటికి వచ్చాడు.

"వదినె, గింత పెద్ద ఆర్డరు ఒక్క ఇంట్ల దాసుకుంటవా? సంఘంల అందరం ఉన్నం గద," అన్నాడు.

ఆర్డరు లేదని గుర్వమ్మ అనవచ్చు. అంటే మరి నమూనా ఎందుకని అడుగుతాడు. ఆమె తెలియదన్నట్టు తల ఊపింది. కాటమయ్య ఔనన్నట్టు తీసుకున్నాడు. పని బంద్ పెట్టమనడంలో మతలబు కూడా ఆయనే విప్పాడు. అలసిన చేతితో నేసిన బట్టకూ ఆగిన చేతితో నేసిన బట్టకూ తేడా చూస్తారట. పెద్ద ఊళ్లో పెద్ద పద్ధతులు ఉంటాయన్నాడు.

ఆదివారం పొద్దు గూకేసరికి వాడ మొత్తం ఆగింది. నకిరేకల్ రోడ్డున పోయే బండ్లవాళ్లు, ఎవరు పోయారని అడిగారు. మగవాళ్లు అరుగుల మీద వరసగా కూర్చున్నారు. ఆడవాళ్లు చుట్టిన కండెలు చుట్టినట్టే గంపల్లో ఉన్నాయి. ఇంకా ఎన్నాళ్లని వాళ్లు అడిగితే, దవాఖాన హుకుం అని మగవాళ్లు చెప్పారు. గుర్వమ్మ ఇంకో అడుగు ముందుకు వేసింది. పని బంద్ అంటే అన్ని పనులూ బంద్ అని, చేతి సత్తువ ఎటూ పోవద్దని, కొడుకు చాప తీసుకొచ్చి అరుగు మీద వేసింది. నాలుగు రోజులు వెంకటనర్సు అక్కడే పడుకున్నాడు.

బుధవారం సాయంత్రం ఇంట్లో ఎవరూ లేనప్పుడు గుర్వమ్మ మగ్గం మీది గుడ్డ తీసింది. ఆమె నలభై ఏళ్లు నేతగాడితో కాపురం చేసింది. దీపం అక్కర లేకుండా వేలితో తడిమి చూసింది. తెగిన పేక తగిలింది. గుంజుకుపోయిన అంచు తగిలింది. కొడుకు ఇట్లా నేయడు. ఎందుకు నేశాడో ఆలోచించడానికి ఆమెకు ఎక్కువసేపు పట్టలేదు. ఈ బట్ట డాక్టరు చేతికి పోతే లోపం కొడుకుదవుతుంది. ఆదివారం రామచంద్రయ్య వచ్చి, విని, లేచిపోతాడు.

ఆమె కొడుకును అడగలేదు. కోడలిని అడగలేదు. సందుగ తెరిచి అడుగున ఉన్న మూట విప్పింది. అందులో ఆమె పెనిమిటి సిద్దయ్య నేసిన నమూనా ఉంది. గోపురం అంచు. ఆ అంచుకు ఒకప్పుడు హైదరాబాదు నుంచి షావుకార్లు వచ్చేవారు. ఆమె దాన్ని మడిచి కొంగున కట్టుకుంది.

గురువారం పొద్దున వెంకటనర్సు తన నమూనా కోసి సంచిలో పెట్టాడు. సంచి తాను పట్టుకుంటానని గుర్వమ్మ తీసుకుంది. బస్సులో సంచి ఆమె ఒళ్లో ఉంది. నకిరేకల్ దాటేసరికి కొడుకు నమూనా ఆమె కొంగులోకి, భర్త నమూనా సంచిలోకి మారాయి. వెనక సీట్లలో కాటమయ్యా సంఘంవాళ్లూ ఉన్నారు. ఒక్కొక్కరి చంకలో ఒక్కొక్క మూట ఉంది.

దవాఖాన వసారాలో లియాఖత్ అలీ సీసాలు తుడుస్తున్నాడు. తల ఎత్తి చూస్తే గుంపు కనిపించింది. ఎక్కడో బస్సు బోల్తా పడిందనుకున్నాడు. ఎవరికీ దెబ్బలు లేవు.

"మీరంత ఎందుకొచ్చిండ్రు?" అని అడిగాడు.

"నమూనా ఇయ్యనీకి సాబ్," అన్నాడు కాటమయ్య.

"అందరా?"

"అందరం. నాలుగు దినాల సంది పని బంద్ పెట్టినం. అందరిదీ తాజాదే. సొంతందే."

లియాఖత్ అలీ చేతిలో సీసాను బల్ల మీద పెట్టాడు. డాక్టరమ్మ ఒక్కడి నమూనాయే అడిగిందని చెప్పాడు.

"ఒక్కని దాంతోని గింత దవాఖాన ఎట్ల నడుస్తది సాబ్? మీరు ఊ అంటే నెల నెలా ఎంత గావాలంటే గంత ఇస్తం. ముసలోళ్లని ఫికర్ చెయ్యకుండ్రి. గీ ధర్మయ్యకు డెబ్బయి నిండినయి. ఇయ్యాల్టికీ పడుచోళ్లకు తీసిపోడు."

ధర్మయ్య ముందుకు వచ్చి దండం పెట్టాడు. లియాఖత్ అలీ స్టూలు మీద కూర్చున్నాడు. ఇరవై ఏళ్లుగా ఈ పని చేస్తున్నాడు. కేతేపల్లివాళ్ల గురించి ఇట్లాంటి మాట ఎన్నడూ వినలేదు. అప్పుడే లోపల నుంచి గంట మోగింది. ఆయన వెంకటనర్సును, యాదలక్ష్మిని, గుర్వమ్మను లోపలికి తీసుకుపోయి, గుంపును వసారాలోనే ఆగమన్నాడు.

డాక్టరు అతన్ని చూసి, నమూనా ఇవ్వడానికి వచ్చావా అని లియాఖత్ అలీ చేత అడిగించింది. గుర్వమ్మ ముందుకు వచ్చింది. సంచిలోంచి బట్ట తీసి బల్ల మీద పరిచి, ముడతలు సాపు చేసింది.

వెంకటనర్సు ఆ బట్టను చూశాడు. తల్లిని చూశాడు. యాదలక్ష్మి గోడకు ఆనుకుంది.

"గిది నాది కాదు," అన్నాడు వెంకటనర్సు.

ఈ మాట లియాఖత్ అలీ తర్జుమా చేశాడు. డాక్టరు బట్ట వైపు చూసి, ఎవరిదని అడిగింది. దేని గురించి అడుగుతున్నదో ఆమెకే ఇంకా తెలియదు.

గుర్వమ్మకు దాచడం ఇక కుదరలేదు. ఉన్నది చెప్పింది. "మా ఇంటాయన నమూనా. ఆయన పోయి తొమ్మిదేండ్లాయె. ఇంక గట్లనే ఉన్నది జూడుండ్రి."

లియాఖత్ అలీ మొదటి ముక్క ఉర్దూలో చెప్పాడు. రెండో ముక్క దగ్గర ఆగాడు. డాక్టరు మళ్లీ చెప్పమంది. మళ్లీ చెప్పాడు. అప్పటికి కాటమయ్య ఓపిక అయిపోయింది. ఒక్క ఇంటి మాటే లోపల నడుస్తున్నదని ఆయనకు అనుమానం వచ్చింది. తెర తొలగించి, తన మూట పైకి ఎత్తి, తమవి కూడా చూడాలని, చూసినాకనే ఎవరిది తీసుకోవాలో తేల్చాలని కోరాడు. ఆయన భుజాల మీదుగా ఇంకా నాలుగు మొహాలు కనిపించాయి.

డాక్టర్ జాహేదా కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టింది. పోయిన గురువారం వీళ్లకు ఏం చెప్పావని లియాఖత్ అలీని అడిగింది. ఆయన చెప్పాడు. ఇప్పుడు ఉన్నది ఉన్నట్టు తెలుగులో చెప్పమంది. ఆయన నేల చూశాడు. అప్పుడు ఆమె తనకు వచ్చిన తెలుగులో తానే చెప్పింది. ఆమెకు తెలుగులో మర్యాద మాటలు రావు. అందువల్ల అందరికీ అర్థమైంది.

తెర దగ్గర మొహాలు ఒకటొకటిగా తగ్గాయి. వసారాలో చెప్పుల చప్పుడు వినిపించి ఆగిపోయింది. కాటమయ్య వెనక్కి తిరిగి చూస్తే ధర్మయ్య కూడా లేడు. తహసీలు కచేరీలో తనకు పని ఉందని కాటమయ్య ఎవరూ అడగకుండానే చెప్పి, మూటను కడుపుకు అదుముకుని వెళ్లిపోయాడు.

గుర్వమ్మ కొడుకు చేయి పట్టుకుంది. ఇంటికి పోదాం నడువు అంది. తమ ఇంటా వంటా ఇట్లాంటిది లేదంది. డాక్టరు అడ్డు చెప్పలేదు. పోదలుచుకుంటే పోవచ్చని, అయితే లోపం ఈ పిల్లదని తన నోటి నుంచి రాదని లియాఖత్ అలీ చేత చెప్పించింది. ఈసారి ఆయన ఒక్క ముక్క కూడా వదల్లేదు. గుర్వమ్మ గుమ్మంలో ఆగింది. ఆదివారం రామచంద్రయ్య వస్తాడు. ఉత్త చేతులతో ఇంటికి పోతే లాభం లేదు.

వెంకటనర్సు తల్లి చేయి వదిలించుకున్నాడు. లియాఖత్ అలీ దగ్గరికి పోయి గొంతు తగ్గించి అడిగాడు. "నాలుగు దినాలు పని బంద్ అంటిరి. గా పని గిదేనా?"

"గిదే."

"గదీ బందే ఉన్నది. మా అమ్మ అరుగు మీద పండవెట్టింది."

లియాఖత్ అలీ తుడిచి పెట్టిన సీసాల్లో ఒకటి అతని చేతికి ఇచ్చి వెనక గది చూపించాడు.

అత్తాకోడళ్లు వసారాలో ఒకే బల్ల మీద కూర్చున్నారు. ఇద్దరి మధ్యా ఒక మనిషి పట్టేంత చోటు ఉంది. పోయిన శుక్రవారం యాదలక్ష్మి చేతిలో కండె ఉంది, మంచి నూలా చెడ్డ నూలా అన్నది తాను ఎంచుకుంది. ఇప్పుడు ఎంచుకోవడానికి ఏమీ లేదు. సీసాలో ఉన్నది బాగుంటే లోపం తనదనే మాట వస్తుంది. బాగులేకపోతే తాను గెలుస్తుంది, కానీ తనకూ పెనిమిటికీ పిల్లలు ఉండరు. ఏది రావాలని మొక్కుకోవాలో ఆమెకు తెలియలేదు. పక్కన గుర్వమ్మ పెదవులు కదులుతున్నాయి. ఆమెకు తెలుసు.

డాక్టరు సూక్ష్మదర్శిని మీద వంగి చాలాసేపు చూసింది. ఒకసారి తల ఎత్తి, మళ్లీ వంగింది. తర్వాత ముగ్గురినీ పిలిచింది. ఆమె ఒక్కొక్క మాటే చెప్పి ఆగింది. లియాఖత్ అలీ ఒక్కొక్క మాటే తెలుగులో చెప్పాడు.

"ఉన్నయి. తక్కువ ఉన్నయి. ఉన్నయి గూడ మెల్లగ కదులుతున్నయి."

లోపం అతనిదని డాక్టరు చెప్పింది. ఆశ వదులుకోవలసిన లోపం కాదని కూడా చెప్పింది. చుట్టలు మానాలి. గోళీలు మింగాలి. మూడు నెలలకు ఒకసారి వచ్చి మళ్లీ నమూనా ఇవ్వాలి. ఏడాది దాకా తాను ఏమీ అనలేనని, ఆ పిల్లకు ఇక పసర్లు తాగించవద్దని చెప్పింది.

గుర్వమ్మ ఆ యంత్రం వైపు చూసి, అద్దం తుడిచి చూసిందా అని అడిగింది. తుడిచే చూసిందని లియాఖత్ అలీ చెప్పాడు. ఇంకోసారి తుడవమంది. ఆయన ఈ మాట తర్జుమా చేయలేదు.

బస్సు కోసం నిలబడ్డప్పుడు వెంకటనర్సు రోడ్డు వైపే చూస్తున్నాడు. అబద్ధపు లోపం నెత్తిన వేసుకోవడానికి వారం కిందటే సిద్ధపడ్డాడు. నిజం లోపం మోయడం వేరుగా ఉంది. బస్సు దుమ్ము కనిపించాక భార్య వైపు తిరిగాడు.

"ఉత్తగనే పోగులు తెంపినం," అన్నాడు.

"మంచి నూలు చుడ్త. మల్ల నెయ్యి," అంది యాదలక్ష్మి.

డాక్టరు చెప్పింది ముగ్గురికే తెలుసు. నమూనా అంటే ఏమిటో మాత్రం వాడ అంతటికీ తెలిసింది. శుక్రవారం పొద్దున అన్ని మగ్గాలూ ఒక్కసారే మోగాయి. మగవాళ్లు మగ్గాల్లోంచి తలలు ఎత్తలేదు. నాలుగు రోజులు దేనికి ఆగారో ఆడవాళ్లు ఒకరికొకరు చెప్పుకున్నారు. ధర్మయ్య భార్య రెండు సార్లు చెప్పించుకుంది.

ఆదివారం రామచంద్రయ్య వచ్చాడు. కాళ్లు కడుక్కుని అరుగు మీద కూర్చున్నాడు. గుర్వమ్మ చెంబుతో నీళ్లు ఇచ్చింది. లోపల వెంకటనర్సు నేస్తున్నాడు. తలుపు వెనక యాదలక్ష్మి రాట్నం తిప్పుతోంది.

రామచంద్రయ్య వంకర తిరుగుడు లేకుండా డాక్టరు ఏమన్నదని అడిగాడు.

రాట్నం ఆగింది. గుర్వమ్మ ఏది చెబితే రామచంద్రయ్యకు అదే డాక్టరు మాట. నల్లగొండ పోయి అడిగే మనిషి కాదు ఆయన. గుర్వమ్మ నోరు తెరిచింది. "డాక్టరమ్మ ఏమన్నదంటే..." అని మొదలుపెట్టింది.

లోపల నాడె కూడా ఆగింది. ఆ చప్పుడు ఆగితే ఏమవుతుందో ఆ వారంలో గుర్వమ్మకు బాగా తెలిసింది. ఆమె వెనక్కి చూసింది. వెంకటనర్సు గుంటలో లేచి నిలబడ్డాడు. అతని మొహం చూస్తే, తాను ఒకటి చెబితే అతను ఇంకొకటి చెబుతాడని, అతను చెప్పేది డాక్టరు తెలుగులో ఉంటుందని ఆమెకు అర్థమైంది.

"మా కోడలు ఒప్పుకుంటలేదు," అంది గుర్వమ్మ.

రామచంద్రయ్య చెంబు కింద పెట్టాడు. "కోడలు ఒప్పుకునుడేంది వదినె? గీ ఇంట్ల కోడలిని అడుగుడు ఎప్పటి సంది?"

"మొన్న గురువారం సంది."

ఆయన ఇంకో ప్రశ్న అడగబోయి, ఆమెను చూసి మానుకున్నాడు. ఎండ ఎక్కకముందే నకిరేకల్ చేరాలని లేచాడు. ఆయన వాడ మలుపు తిరిగేదాకా గుర్వమ్మ అరుగు మీదే ఉంది. తర్వాత లోపలికి వచ్చి, పసరు నూరే రాయి తీసుకుపోయి పెరట్లో తలుపు కొట్టుకోకుండా అడ్డం పెట్టింది. రాట్నం మొదలైంది. నాడె మొదలైంది.

వెంకటనర్సు చుట్టలు మానేశాడు. మూడు నెలలకు ఒకసారి నల్లగొండ పోతున్నాడు. ఎందుకని వాడలో ఎవరూ అడగలేదు. కేతేపల్లి నేతగాళ్లు ఆ మాట నోట పలకడమే మానేశారు. సంఘం బోర్డు మీద కూడా కాటమయ్య దాన్ని చెరిపించి 'మచ్చు' అని రాయించాడు. కొత్త షావుకారు ఎవరైనా వచ్చి నమూనా చూపించమంటే మగవాళ్లు మొహం తిప్పుకుంటారు.

ఎండాకాలం మధ్యలో లియాఖత్ అలీ బస్సు దిగి సంఘానికి వచ్చాడు. చేతిలో జానెడు బట్ట ఉంది. గుర్వమ్మ ఆ రోజు బల్ల మీద మరిచిపోయింది అదే. దవాఖాన తలుపులన్నిటికీ ఇదే గోపురం అంచుతో తెరలు కావాలని డాక్టరమ్మ చెప్పిందట. ఆ గురువారం కేతేపల్లి నుంచి పోయిన నమూనాలన్నిటిలో నెగ్గింది చచ్చిపోయిన సిద్దయ్యది ఒక్కటే.